ఉత్తుత్తి కీబోర్డు

డాక్టరు పొద్దున్నే వస్తానన్నాడు. డాక్టర్లకి పొద్దున్న ఎప్పుడవుతుందో దేవుడికే తెలియాలి, ఎండ అప్పుడే కిటికీ చువ్వలు దాటి మంచం కోళ్ళ దాకా పాకింది, చిన్నది మాత్రం స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నదానిలా మంచం పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, అక్క కుడి చెంప వైపు చూస్తోంది. చిన్నది అంటే చిన్నదేం కాదు, నలభై దాటాయి, కళ్ళజోడులో రెండు రకాల అద్దాలు పడ్డాయి. అక్క అలా పిలిచేది కాబట్టి ఇంటికొచ్చేవాళ్ళకీ, పక్కవాటా వాళ్ళకీ, చివరికి తనకీ చిన్నదే. అక్కకి పక్షవాతం వచ్చి నోరూ కాళ్ళూ చేతులూ పోయాయి. మిగిలినవి రెండు కళ్ళు, ఒక చెంప. వినికిడి, తెలివి, కోపం, ఈ మూడూ ఎక్కడికీ పోలేదు. ఆ చెంప మీద వేలిగోరంత పట్టీ ఉంది, పట్టీ నుంచి వైరు, వైరు చివర అగ్గిపెట్టెంత డబ్బా, డబ్బా నుంచి ల్యాప్‌టాప్‌లోకి మళ్ళీ వైరు. చెంప ఒకసారి బిగిస్తే ‘అవును’. రెండుసార్లు బిగిస్తే ‘వద్దు’. బిగించి పట్టుకుంటే ‘రా’. మంచాన పడ్డా ఈ మూడు మాటలతోనే ఆవిడ ఇంటిని ఏలింది, కిందటి చలికాలం దాకా. ఇప్పుడు రెండే ఉన్నాయి. ‘వద్దు’ లేదు, చిన్నది తీసేసింది. దాన్ని మళ్ళీ పెట్టాలా అక్కర్లేదా అన్నదే డాక్టరు గుమ్మం తొక్కే లోపల తేలాలి.

లేని పరికరాన్ని ఉన్నట్టు కంప్యూటరుని నమ్మించడమే చిన్నదాని ఉద్యోగం. ఆఫీసులో కొత్త యంత్రం తయారైందంటే దాన్ని పరీక్షించడానికి మనిషిని కూర్చోబెట్టి రోజంతా బటన్లు నొక్కించలేరు కదా, అందుకని ఈమె ఒక ప్రోగ్రాము రాస్తుంది, ఆ ప్రోగ్రాము గాలిలోంచి ఒక కీబోర్డుని పుట్టిస్తుంది, ప్లాస్టిక్కు లేదు, తీగ లేదు, ముట్టుకుందామంటే ఏమీ లేదు, కాని కంప్యూటరు లోపల కెర్నెల్ అని ఒక కాపలాదారు ఉంటాడు చూడండి, వాడు అసలు కీబోర్డుకి ఎలా దారి ఇస్తాడో ఈ ఉత్తుత్తి కీబోర్డుకీ అలాగే ఇస్తాడు. వాడి పట్టుదల ఒక్కటే. పుట్టకముందే చెప్పాలి. నాకు ఫలానా ఫలానా బటన్లు ఉన్నాయి బాబూ అని ఒక్కో లైనుగా రాసుకుంటూ పోయి, అన్నీ అయ్యాక, చివర్న ‘పుట్టు’ అనే లైను రాయాలి. చెప్పిన బటను నొక్కితే పైకి పంపిస్తాడు. చెప్పని బటను నొక్కితే తిట్టడు, కొట్టడు, ఎర్ర అక్షరాలు చూపించడు, ఆ నొక్కుడు అసలు జరగనే లేదన్నట్టు ఊరుకుంటాడు. పుట్టాక బటన్లు చేరుస్తానంటే కుదరదు. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకసారి ‘పుట్టు’ తర్వాత బటను లైను రాసి, ఎందుకు పనిచెయ్యదో తెలియక జుట్టు పీక్కుంటుంటే, “పురుడు పోసేశాక బిడ్డకి వేళ్ళు అతికిస్తావా తల్లీ?” అని చిన్నది అందరి ముందూ అంది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. చిన్నదానికి ఆ సంగతి తెలుసు, తెలిసే బాగుందనిపించింది, అలా బాగుండడం అక్క దగ్గర నేర్చుకున్నదే.

అయితే అక్కకి మాటకొక బటనుగా, చెంప బిగిస్తే నొక్కుకునేట్టు, ఇలాంటి కీబోర్డే చేసిన రోజున మాత్రం ప్రేమతోనే చేసింది. ఇప్పుడు ఆ మాట అనుకోవడానికి సిగ్గేస్తుంది కాని అది నిజం. మనిషి బతికుండి మాటలేకుండా కళ్ళు తిప్పుకుంటూ పడుంటే చూడలేక, సెలవు పెట్టి, అన్నం నీళ్ళు మరిచి చేసింది. కంప్యూటరు గొంతు శవం మాట్లాడినట్టు ఉందని మూడు మాటలూ తన గొంతుతోనే రికార్డు చేసింది, తలుపులన్నీ వేసుకుని, ఫ్యాను ఆపుకుని, అవును, వద్దు, రా, అవును, వద్దు, రా, ఎంత మెత్తగా పలికితే అంత బాగుంటుందని పలికింది. పట్టీ అతికించి, “ఎలా ఉందక్కా, బావుందా?” అని అడిగింది. చెంప రెండుసార్లు బిగుసుకుంది. “వద్దు,” అంది చిన్నదాని గొంతు, స్పీకర్లోంచి. అదీ మొదటి మాట. పగలు సాయానికొచ్చే ఆయా అయితే పకపకా నవ్వింది. చిన్నది కూడా నవ్వింది, నవ్వక ఏం చేస్తుంది, ఆ తర్వాత ఇక ఆపితేగా. గొట్టంలో జావ పోస్తే వద్దు, పక్క తిప్పితే వద్దు, కిటికీ తెరిస్తే వద్దు, మూస్తే వద్దు, చిన్నది చెప్పులేసుకుంటే వద్దు, ఫోనులో ఎవరితోనన్నా నవ్వితే వద్దు. ఆఫీసు మీటింగులో చిన్నది మాట్లాడుతుంటే వెనకాల నుంచి వద్దు వద్దు వద్దు అని వినపడి, అచ్చం ఆమె గొంతే కావడంతో, తన మాటకి తనే అడ్డం చెప్పుకుంటోందని వాళ్ళందరూ పగలబడి నవ్వారు. పుట్టి బుద్ధెరిగాక తను అక్కతో ఒక్కసారీ అనలేకపోయిన మాట అది. తన గొంతు లాక్కుని మరీ అక్క దాన్ని తన మీదికే విసురుతోంది. ఆ పూటే చిన్నది ఫైలు తెరిచి, ‘వద్దు’ లైనుకి ముందు రెండు గీతలు పెట్టింది. గీతలు పెడితే ఆ లైను ఉన్నా లేనట్టే. కాసేపు, కాస్త ఊపిరి పీల్చుకునేదాకా, అనుకుంది. ఆ తర్వాత ఎప్పుడో ఫైలు శుభ్రం చేస్తూ, చెత్తతోపాటు ఆ లైను కూడా తుడిచేసింది.

ఎంత హాయిగా ఉన్నాయో ఆ రోజులు. “పెద్దమ్మగారు ఎంత నెమ్మదైపోయారండీ, దేనికీ వద్దనడం లేదు,” అని ఆయా మురిసిపోయింది, పక్కవాటా ఆవిడ వచ్చి జబ్బు మనిషిలో ఆ శాంతం చూసి కళ్ళు తుడుచుకుంది. అక్క మాత్రం మోసపోలేదు. మొదటిరోజు చెంప రెండుసార్లు బిగించి, మాట రాకపోతే మళ్ళీ బిగించి, కాసేపు ఆగి, కళ్ళు చిన్నదాని మీదికి తిప్పింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. పాత నర్సు కొత్త నర్సు చేతిపనిని చూసి, పరవాలేదు, చెయ్యి తిరిగింది అనుకున్నట్టు చూసింది. చూడదా మరి, అక్క పెద్దాసుపత్రిలో హెడ్డు నర్సు, ఆవిడ వార్డులో దోమ కూడా చప్పుడు చేసేది కాదని పేరు. ఆ రహస్యం ఇంట్లో అన్నం దగ్గర చెప్పి నవ్వేది: ఊరికే గంట కొట్టి పిలిచే రోగి ఉంటాడు చూడు, వాడి గంట తీగని తలగడ వెనక్కి తోసెయ్యాలి, తెల్లారేసరికి రోగం సగం తగ్గుతుంది. చిన్నదానికి అప్పుడు పన్నెండో పదమూడో, అమ్మా నాన్నా లేరు, ఎదురుగా కూర్చుని తింటూ నవ్వింది. గొంతులో ముద్ద అడ్డం పడింది, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వింది. నవ్వకపోతే అక్క చెయ్యి పళ్ళెం మీద ఆగిపోయేది, నీకేం వచ్చిందే అని అడిగేది, అదేమిటో చెప్పే నోరు ఈమెకి ఎప్పుడూ లేదు.

ఆ నోరు లేకపోవడం వల్లనే కదా ఆ మనిషి వెళ్ళిపోయాడు. అతను పాత ఆఫీసులో మెకానిక్కు, ప్రింటర్లూ అవీ బాగుచేసేవాడు, గోళ్ళ కింద ఎప్పుడూ నల్లటి సిరా, మాట్లాడేటప్పుడు ఆ గోళ్ళు దాచుకునేవాడు. మన పెళ్ళి సంగతి మీ అక్కగారిని నేనే వచ్చి అడుగుతాను అన్నాడు, వచ్చాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని. చిన్నది వంటింట్లో ఉంది. గోడ అవతల ఆ మాటలు ఒక్కటి కూడా పోకుండా వినపడ్డాయి. “దానికిష్టం లేదండీ,” అంది అక్క, తలుపు దగ్గరే నిలబెట్టి, చాలా మర్యాదగా. “ఒకసారి ఆమెనే అడిగితే...” అన్నాడు అతను. “దాన్నడిగేదేముంది, దాని మాట నేను చెప్తున్నాగా.” పొయ్యి మీద పాలు. చిన్నది ఆ పాలనే చూస్తూ నిలబడింది, ఒక్క అడుగు, గుమ్మం దాకా ఒక్క అడుగు, ఉండండి అని ఒక్క మాట, పాలు పొంగుతాయేమో అనుకుంది, పాలు పొంగకుండా స్టవ్వు తగ్గించింది, తలుపు మూసిన చప్పుడు వినపడింది. అక్క లోపలికి వచ్చి, పాలు బాగా కాచావే అంది. దాని మీద మరి మాటే లేదు, ఆ రోజూ లేదు, ఇన్నేళ్ళలోనూ లేదు. అతని ముక్కు ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తుకు రాదు, గోళ్ళు గుర్తున్నాయి. మెత్తటి మనుషుల కోపం చద్దికూడు లాంటిది, ఎన్నాళ్ళు దాస్తే అంత పులుస్తుంది.

ఇప్పుడు డాక్టరు వచ్చేది హోము పని మీద. ఊరి చివర ఒక హోము ఉంది, పొడుగాటి హాలు, వరసగా మంచాలు, మనుషులు మంచివాళ్ళే, పొద్దునా సాయంత్రం తుడుస్తారు, పక్క తిప్పుతారు. కాని ఈ వైర్లూ డబ్బాలూ మా దగ్గర కుదరవండీ, పక్క మంచం వాళ్ళు పీకేస్తారు అని హోము ఆవిడ ఫోనులోనే చెప్పేసింది. అంటే అక్క అక్కడికి వెళ్తే ఈ చెంప ఇక మాట్లాడదు, చచ్చేదాకా మాట్లాడదు. ఇది చిన్నదానికి తెలుసు, అక్కకీ తెలుసు, పక్కగదిలో ఫోను మాట్లాడినా అక్క చెవులు పాముచెవులు. హోముకి ఒక పద్ధతి ఉంది: మనిషికి మాట అర్థమయ్యేట్టయితే ఆ మనిషే ఒప్పుకోవాలి. అర్థం కాని స్థితి అని డాక్టరు రాస్తే దగ్గరి బంధువు సంతకం చాలు. కాబట్టి లెక్క తేలికే. వద్దు ఉంటే అక్క ఇక్కడే, ఈ మంచం మీదే, ఇంకో పదేళ్ళో ఇరవయ్యేళ్ళో, గుండె రాయిలా ఉందని ఆసుపత్రి డాక్టరు అన్నాడు. వద్దు లేకపోతే వచ్చే వారానికి ఈ గది ఖాళీ, మందుల వాసన పోవడానికి గోడలకి సున్నం, కిటికీ ఇష్టమొచ్చినట్టు తెరిచి, ఇష్టమొచ్చినప్పుడు నిద్ర, నిద్ర, అబ్బా నిద్ర, మధ్యలో ఎవరూ రా అనని నిద్ర. నిద్ర కోసం మనుషుల్ని చంపేవాళ్ళుంటారా అనుకుంది, ఉంటారు అనుకుంది, చంపడం ఏమిటి, హోము, హోములో మనుషులు మంచివాళ్ళే.

అక్క చూస్తోంది. కళ్ళు తిప్పడం లేదు. ఆ కళ్ళ అడుగున నీరు నిలిచింది, జబ్బు వల్ల ఎప్పుడూ నిలుస్తుంది, అది ఏడుపు కాదు, చిన్నది దూదితో తుడిచింది. తుడుస్తుంటే చెంప తగిలింది, వెచ్చగా, పల్చగా, చిన్నపిల్ల చెంపలా ఉంది. చిన్నదానికి జ్వరం వచ్చిన రోజుల్లో అక్క డ్యూటీ నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా ఈ చెంపనే తన నుదుటికి ఆనించి చూసేది, థర్మామీటరు చేతిలో ఉన్నా సరే. ఏమిటిది, ఇప్పుడెందుకు గుర్తుకు రావాలి. తిండి పెట్టింది, చదివించింది, ఈ ఉద్యోగం అక్క పెట్టిన చదువే, పెళ్ళి చేసుకోలేదు తను కూడా, ఎవరి కోసం, అడిగితే నీకోసమే అనేది, ఆ మాటతో ఇన్నేళ్ళూ పీక నొక్కింది. అయినా సరే, మనిషి మాట మనిషికి ఉండాలి. పెడతాను, పెట్టేస్తాను, అననీ, డాక్టరు ముందు వద్దని అననీ, ఇంకో ఇరవయ్యేళ్ళు చాకిరీ చేస్తాను, నా ఖర్మ. చిన్నది ల్యాప్‌టాప్ తెరిచింది. ఫైలు తెరిచింది. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్లు మోగింది. గబగబా లైను కొట్టింది, సేవ్ చేసింది, ప్రోగ్రాము ఆపి మళ్ళీ మొదలుపెట్టింది, డబ్బా మీద పచ్చదీపం వెలిగింది. పరీక్షించి చూడలేదు. పరీక్షించాలంటే అక్కని ఏదో ఒకటి అడగాలి, అడిగితే ఆ మాట వినాలి, ఇన్నాళ్ళ తర్వాత ఆ మాట ఒంటరిగా వినడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

డాక్టరు చల్లటి మనిషి, నవ్వుమొహం. కుర్చీ లాక్కుని అక్క కళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు. “అమ్మా, ఈవిడ మీ చెల్లెలేనా?”

“అవును,” అంది చిన్నదాని గొంతు.

“భలే చేశారండీ ఇది!” అన్నాడు చిన్నదాని వైపు తిరిగి, మళ్ళీ అక్కతో, “ఏమనుకోకండి, మీకు మాట అందుతోందో లేదో చూడాలి, రెండు పిచ్చి ప్రశ్నలు అడుగుతాను, అవునో వద్దో చెప్పండి. ఇంత చలిలో ఒక బకెట్టు చన్నీళ్ళు తెచ్చి మీమీద గుమ్మరించమంటారా?”

చెంప రెండుసార్లు బిగుసుకుంది. గదిలో చప్పుడు లేదు. మళ్ళీ రెండుసార్లు. ఫ్యాను లేదు, వీధిలో బండి లేదు, ఏమీ లేదు, ఆ క్షణాన చిన్నదానికి తను కొట్టిన లైను కళ్ళముందు కనపడింది, అది ఎక్కడ పడిందో కూడా కనపడింది, ‘పుట్టు’కి కింద. పుట్టాక అతికించిన వేలు. కెర్నెల్ దాన్ని ఒప్పుకోనని అప్పుడే చెప్పే ఉంటాడు, ఇంటి వాడకానికేలే అని ఆ జవాబు వినిపించుకునే లైను తను రాయలేదు. ఒక్క మాట చాలు, ఆగండి డాక్టరు గారూ, నా ప్రోగ్రాములో తప్పుంది, కళ్ళు మూసి తెరిచేంతలో సరిచేస్తాను. నోట్లో మాట తయారుగా ఉంది.

“మిమ్మల్ని రోడ్డు మీద పడుకోబెట్టమంటారా?” అన్నాడు డాక్టరు. చెంప రెండుసార్లు, రెండుసార్లు, రెండుసార్లు. ఆయన కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. “ఆ చెంప అదరడం ఎప్పుడూ ఉంటుందాండీ?”

అడిగింది చిన్నదాన్ని. ఇన్నేళ్ళలో అక్క ఎదురుగా ఉండగా, అక్క సంగతి ఒకరు తనని అడగడం ఇదే మొదలు.

“అప్పుడప్పుడూ,” అంది చిన్నది.

అన్నాక ఎంత తేలికైపోయిందో. అక్క కళ్ళు ఇటు తిరిగాయని తెలుసు, ఆమె అటు చూడలేదు, డాక్టరు కలం క్యాపు తీయడం చూసింది. హోముకి పంపించమంటారా అని ఆయన ఒకసారి పద్ధతి ప్రకారం అడిగాడు, చెంప కొట్టుకుంది, ఆయన ఆగాడు, పాపం చాలాసేపే ఆగాడు, తల అడ్డంగా ఊపుకుని కాగితం మీద రాశాడు. “అవును అనేది కూడా కాకతాళీయంగా వచ్చేదేనండీ. ఇలాంటివన్నీ మన ఓదార్పుకి. మీరు చేసినంత తోబుట్టువులెవరూ చెయ్యరు,” అన్నాడు గొంతు తగ్గించి. చిన్నదానికి కళ్ళనీళ్ళు వచ్చాయి, నిజంగానే వచ్చాయి, ఆ మాట ఎవరన్నా అంటారని ఎన్నాళ్ళుగా చూసిందో. చూపించిన చోట సంతకం పెట్టింది.

ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చింది. ఈ బిల్డింగులో లిఫ్టు ముసలిది, పిలిస్తే మూలుక్కుంటూ రావడానికి బోలెడంత సేపు, ఆయన వరండాలో నిలబడి ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు, దగ్గరగా వేసిన తలుపు సందులోంచి వినపడుతోంది. చిన్నది ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆ లైను ‘పుట్టు’కి కిందే ఉంది. కంగారులో పడ్డ తప్పా, చెయ్యి కావాలని చేసిన తప్పా అని తనని తాను అడిగింది. అయినా తప్పు కళ్ళముందు కనపడుతుంటే సరిచెయ్యకుండా వదిలెయ్యడం ఆమె వల్ల కాదు, అది ఆమె చదివిన చదువు. లైను కోసి పైన అతికించింది. ఆపి మొదలుపెట్టింది. పచ్చదీపం. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“అక్కా, హోముకి పంపించెయ్యనా?”

“వద్దు.”

స్పష్టంగా, మెత్తగా, తను ఎంత మెత్తగా పలికిందో అంత మెత్తగా. చిన్నదానికి మొదట కలిగింది సంతోషమే, పని చేసింది, ఒక్క దెబ్బకి పని చేసింది అనే సంతోషం. “వద్దు,” అంది స్పీకరు మళ్ళీ. “వద్దు. వద్దు. రా. వద్దు.” చిన్నది లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు ఇంకా అక్కడే ఉన్నాడు, లిఫ్టు తలుపు తెరుచుకుంటోంది, ఒక కాలు లోపల పెట్టి ఈమెని చూసి ఆగాడు.

“ఏమన్నా మర్చిపోయానా అమ్మా?”

“లేదండీ,” అంది.

లిఫ్టు కిందికి వెళ్ళేదాకా నిలబడి, తలుపు గడియ పెట్టి వచ్చింది. “విన్నానక్కా,” అంది మంచం మీద కూర్చుంటూ. వేలు నీళ్ళలో ముంచి, చర్మం లాక్కోకుండా పట్టీ అంచులు తడిపి, నెమ్మదిగా ఊడదీసింది. పట్టీ కింద చెంప ఇంకా అదురుతూనే ఉంది.